రోజువారీ క్విజ్: తేదీని అడగకండి, సాకుగా వాడుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చరిత్రలో ఆ రోజు జరిగిన సంఘటనలు, ఆ రోజు పుట్టిన ప్రముఖుల మీద రోజూ ఐదు ప్రశ్నలు ఇస్తున్నారు. మూడు నెలలు తిరిగేసరికి "ఈ తేదీ తప్పు" అని రోజూ ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. పైగా ప్రశ్నలన్నీ "ఏ సంవత్సరంలో?", "ఈ రోజు పుట్టింది ఎవరు?" అనే రెండు మూసల్లోకి దిగిపోయాయి. ఏడాది పొడవునా దీన్ని నడపడం ఎలా?

రెండు చిక్కులకూ వేరు ఒకటే. ప్రశ్న బరువంతా తేదీ మీద పెడుతున్నారు. ఇలాంటి క్విజ్‌లో అన్నిటికంటే బలహీనమైన ముక్క తేదీయే. ఆ విషయాన్ని ఈ రోజు ఎత్తుకోవడానికి అదొక సాకు, అంతే. సమాధానం తేదీకి అవతల ఉండాలి. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరులు ఎగిరారు. "ఏ సంవత్సరం?" అని అడిగితే తెలిసినవాళ్లు చెప్తారు, తెలియనివాళ్లు వెతుక్కుంటారు, ఇద్దరికీ మిగిలేది ఏమీ ఉండదు. "ఆ రోజు మొదటిసారి విమానం గాల్లో ఉన్నది ఎంతసేపు?" అని అడిగి 12 సెకన్లు, 2 నిమిషాలు, 12 నిమిషాలు, గంట అని నాలుగు ఇవ్వండి. తెలియనివాళ్లు కూడా కాసేపు ఆలోచిస్తారు. 12 సెకన్లు, 120 అడుగులు అని తెలిశాక ఇక మర్చిపోరు. అదే రోజు నాలుగోసారి 59 సెకన్లు ఎగిరారన్న సంగతి వివరణలో పెట్టుకోవచ్చు.

ముందు తేదీల సంగతి చూద్దాం, గొడవలన్నీ పుట్టేది అక్కడే కాబట్టి.

మొదటి గండం పాత (జూలియన్), కొత్త (గ్రెగోరియన్) క్యాలెండర్ల తేడా. కొత్తదానికి మారినప్పుడు 1582లో అక్టోబర్ 4 గురువారం తర్వాత అక్టోబర్ 15 శుక్రవారం వచ్చింది, అదీ ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ లాంటి కొన్ని చోట్లే. బ్రిటన్, దాని వలస రాజ్యాలు 1752 సెప్టెంబర్ 2 నుంచి నేరుగా 14కి దూకాయి. రష్యా 1918 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 14కి దూకింది. జూలియన్, గ్రెగోరియన్ తేదీల మధ్య తేడా కూడా అన్ని కాలాలకూ ఒకటి కాదు. 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, ఆ తర్వాత 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, అప్పటినుంచి 13. రష్యా తేదీ కనబడగానే 13 కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. టాల్‌స్టాయ్ పాత లెక్కలో 1828 ఆగస్టు 28న పుట్టారు. 12 కలిపితే సెప్టెంబర్ 9. 13 కలిపితే 10 అయి కూర్చుంటుంది, మర్నాడు ఎవరో ఒకరు నిలదీస్తారు.

ఈ తేడా వల్ల అందమైన అబద్ధాలు కొన్ని పుట్టాయి. గెలీలియో చనిపోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడంటారు. గెలీలియో కన్నుమూసింది కొత్త లెక్కలో 1642 జనవరి 8. న్యూటన్ పుట్టింది ఇంగ్లండులో అప్పుడు నడుస్తున్న పాత లెక్కలో 1642 డిసెంబర్ 25, అంటే కొత్త లెక్కలో 1643 జనవరి 4. ఒకరికి ఒక క్యాలెండర్, ఇంకొకరికి ఇంకొకటి వాడితేనే ఆ మాట నిలుస్తుంది. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకేరోజు, 1616 ఏప్రిల్ 23న పోయారన్నదీ అలాంటిదే. షేక్‌స్పియర్ తేదీ పాత లెక్క, కొత్తలో అది మే 3. సెర్వాంటెస్ పోయింది 22న, ఖననం 23న. హాకింగ్ విషయంలో మాత్రం ఈ ముచ్చట నిజం: ఆయన పుట్టింది 1942 జనవరి 8, గెలీలియో పోయి సరిగ్గా 300 ఏళ్లకు. డార్విన్, లింకన్ 1809 ఫిబ్రవరి 12న పుట్టడం, అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, జెఫర్సన్ 1826 జులై 4న పోవడం కూడా నిజమే, రెండు జతల్లోనూ ఇద్దరికీ ఒకే క్యాలెండర్ కాబట్టి. కాబట్టి రెండు తేదీలు కలిసిన వింత కనబడితే ముందు రెంటినీ ఒకే లెక్కలోకి మార్చండి, నిలబడితేనే వాడండి. మామూలు ప్రశ్నలకు ఇవాళ లోకం పాటిస్తున్న తేదీనే తీసుకోండి (వాషింగ్టన్‌కు ఫిబ్రవరి 22, పుట్టినప్పటి లెక్కలో అది 11), రెండో తేదీని వివరణలో ఒక ముక్కగా చెప్పండి.

రెండో గండం గడియారం. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టింది అమెరికాలో 1969 జులై 20 రాత్రి, గ్రీనిచ్ లెక్కలో 21 తెల్లవారుజాము 2:56. నౌక దిగింది మాత్రం గ్రీనిచ్‌లోనూ 20నే. పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో 1941 డిసెంబర్ 7, జపాన్‌లో 8. ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజును పశ్చిమ దేశాలు మే 8న, రష్యా 9న జరుపుకోవడానికి కారణం కూడా ఇదే, మాస్కోలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. సంఘటన జరిగిన చోటి స్థానిక తేదీ తీసుకుంటామని ఒకసారి ప్రకటించి దానికే కట్టుబడండి. అంతరిక్షంలో జరిగినవాటికి గ్రీనిచ్ సమయం వాడతామని విడిగా చెప్పండి.

మూడోది, "జరిగింది" అంటే ఏది జరిగిందని? అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది 1776 జులై 4న. స్వాతంత్ర్య తీర్మానానికి ఓటేసింది 2న. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. ఐక్యరాజ్య సమితి ఛార్టర్ మీద సంతకాలు 1945 జూన్ 26న, అమల్లోకి వచ్చింది అక్టోబర్ 24న. భారత రాజ్యాంగ ఆమోదం 1949 నవంబర్ 26, అమలు 1950 జనవరి 26. ఎవరెస్ట్ ఎక్కింది 1953 మే 29న, లండన్ పత్రికల్లో వార్త వచ్చింది జూన్ 2న. పాత పత్రిక చూసి తేదీ రాసుకునేవాళ్లు ఇక్కడ తరచూ బోల్తా పడతారు, పత్రిక మీదున్నది అచ్చైన తేదీ కదా. అందుకే "ఈ రోజు అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది" అని రాయకండి. ఆమోదించారో, సంతకాలు చేశారో, అమల్లోకి తెచ్చారో ఆ క్రియే రాయండి. సరైన క్రియ ఒక్కటి పడితే సగం ఫిర్యాదులు ఆగిపోతాయి.

పుట్టినరోజుల్లో ఇంకో మెలిక ఉంది. షేక్‌స్పియర్ పుట్టిన తేదీకి రికార్డు లేదు. ఉన్నది 1564 ఏప్రిల్ 26 నాటి బాప్తిస్మం రికార్డు, 23 అన్నది ఆనవాయితీ. బీథోవెన్‌ది కూడా 1770 డిసెంబర్ 17 నాటి బాప్తిస్మమే. టెన్జింగ్ నోర్గేకి తాను పుట్టిన తేదీ తెలియదు. ఎవరెస్ట్ ఎక్కిన మే 29నే పుట్టినరోజుగా ఎంచుకున్నాడు. (ఇది తేదీ తప్పుగా కాక, ప్రశ్నగానే ఎంత బాగుందో చూడండి.) ఇలాంటిచోట "పుట్టారు" అనకుండా "పుట్టినరోజుగా జరుపుకున్నారు", "బాప్తిస్మం జరిగింది" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. తిథుల ప్రకారం జరిపే జయంతులను మాత్రం ఈ క్విజ్‌లో పెట్టకండి, వాటి ఇంగ్లిష్ తేదీ ఏటేటా జరుగుతూ ఉంటుంది.

తనిఖీకి రెండు ఆధారాలు చాలు, కానీ అవి నిజంగా రెండై ఉండాలి. "చరిత్రలో ఈ రోజు" జాబితాలు ఒకదాన్నుంచి ఒకటి దించుకున్నవి. పది సైట్లలో అదే వాక్యం కనబడితే అది ఒక్క ఆధారం కింద లెక్క. నోబెల్ గ్రహీతకు నోబెల్ సంస్థ ఇచ్చే జీవిత వివరాలు, అంతరిక్ష యాత్రకు ఆ సంస్థ రికార్డు, మిగతావాళ్లకు పరిశోధన చేసి రాసిన జీవిత చరిత్ర చూడండి. పది నిమిషాల్లో తేలకపోతే ఆ విషయాన్ని వదిలేయండి. ఏ రోజుకైనా ఇంకో సంఘటన దొరుకుతుంది.

ఇక నిల్వ. రోజుకు ఐదు చొప్పున 366 రోజులకు 1830 ప్రశ్నలు కావాలి. ప్రతి తేదీకి కనీసం 12 విషయాలు సేకరించి వాటిలోంచి ఐదు ఏరుకోండి. ఎప్పుడూ 30 రోజులు ముందుండాలి, అంటే 150 ప్రశ్నలు తయారుగా ఉండాలి. ముందురోజు రాత్రి కూర్చుని రాసే క్విజ్‌లోనే తప్పులు దొర్లుతాయి, తనిఖీకి సమయం మిగలదు కాబట్టి.

ప్రశ్నలు దాచుకునే ఎక్సెల్ షీట్‌లో నెల, రోజు, సంవత్సరం మూడూ వేర్వేరు కాలమ్‌లలో పెట్టండి, ఒకే గడిలో తేదీగా పెట్టకండి. ఎక్సెల్ 1900 జనవరి 1కి ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు, ఉత్త అక్షరాలుగా ఉంచుతుంది. దాంతో వరుసలో పేర్చడం చెడిపోతుంది. పైగా లేని 1900 ఫిబ్రవరి 29 దానికి ఉన్నట్టే లెక్క. 7/11 అని కొడితే కంప్యూటర్ సెట్టింగును బట్టి ఒకచోట నవంబర్ 7, ఇంకోచోట జులై 11 అవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి నింపే షీట్లలో ఇది నెలల తరబడి ఎవరి కంటా పడదు. మిగతా కాలమ్‌లు: రకం (జననం, మరణం, సంఘటన), రంగం, ఏ క్యాలెండర్, ఏ స్థానిక సమయం, రెండు ఆధారాలు, ప్రశ్న, సమాధానం, ఒప్పుకునే ఇతర రూపాలు, వివరణ, చివరిసారి వాడిన ఏడాది, మళ్లీ సరిచూడాల్సిన ఏడాది. ఆఖరిది ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు ఒక రోజును పూర్తిగా తీసుకుందాం. నవంబర్ 7 చాలా నిండైన రోజు: 1867లో మేరీ క్యూరీ, 1888లో సి.వి. రామన్, 1913లో రచయిత ఆల్బర్ట్ కామూ పుట్టారు. 1917లో రష్యాలో అక్టోబర్ విప్లవం. 1940లో అమెరికాలో టకోమా నారోస్ వంతెన కూలింది. దీన్నుంచి ఐదు ఇలా తీయొచ్చు.

మొదటిది తేలిక. "1867లో ఈ రోజున వార్సాలో పుట్టిన శాస్త్రవేత్త, భర్తతో కలిసి కనుగొన్న ఒక మూలకానికి తన మాతృదేశం పేరు పెట్టారు. ఏది?" ఆప్షన్లు: పొలోనియం, రేడియం, ఫ్రాన్సియం, జెర్మేనియం. తప్పు ఆప్షన్లు ఎలా పని చేస్తున్నాయో గమనించండి. రేడియం కూడా ఆవిడ కనుగొన్నదే కానీ దేశం పేరు కాదు. ఫ్రాన్సియం, జెర్మేనియం దేశాల పేర్లే కానీ ఆవిడవి కావు. ప్రతి తప్పు ఆప్షనూ ప్రశ్నలో సగానికి సరిపోవాలి. ఇక్కడ ఇనుము, బంగారం పెడితే ప్రశ్న చచ్చిపోతుంది. "ఏ దేశంలో పుట్టారు?" అని మాత్రం అడగకండి. అప్పుడు వార్సా రష్యా సామ్రాజ్యం కింద ఉంది, రెండు సమాధానాలకూ వాదించేవాళ్లు తయారవుతారు. కామూ పుట్టిన అల్జీరియాదీ అదే తంటా, అప్పుడది ఫ్రాన్స్ పాలనలో ఉంది. నగరం అడిగితే తంటా ఉండదు.

రెండోది: "అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్‌లో ఎందుకు?" ఇది ఊహించి చెప్పదగ్గ ప్రశ్న, పైన చెప్పిన 13 రోజులే జవాబు. వివరణలో ఒక కొసమెరుపు వేయొచ్చు. విప్లవ నాయకుడు ట్రాట్స్కీ పుట్టినరోజు కూడా కొత్త లెక్కలో నవంబర్ 7. కానీ ఆయన పాత లెక్కలో 1879 అక్టోబర్ 26న పుట్టాడు, అప్పటి తేడా 12 రోజులు. విప్లవం అక్టోబర్ 25న, తేడా 13. అంటే ఆనాటి రష్యా క్యాలెండర్‌లో చూస్తే పుట్టినరోజు విప్లవం మర్నాడు పడింది.

మూడోది రామన్ మీద. జాతీయ విజ్ఞాన దినోత్సవం ఫిబ్రవరి 28న ఎందుకు? 1928లో ఆ రోజున రామన్ ఎఫెక్ట్ కనుగొన్నందుకు. ఆ రోజే ఆయన పుట్టాడనుకునేవాళ్లు చాలామందే, కాబట్టి "ఆయన పుట్టినరోజు" అన్న తప్పు ఆప్షన్ తప్పకుండా ఉండాలి. ప్రశ్నలో నవంబర్ అని చెప్పేస్తే ఆ ఆప్షన్ పనికిరాదు, ఇక్కడ తేదీ దాచి అడగాలి.

నాలుగోది వంతెన. "కూలేనాటికి దాన్ని తెరిచి ఎంతకాలమైంది?" నాలుగు నెలలు, నాలుగేళ్లు, పద్నాలుగేళ్లు, నలభై ఏళ్లు. 1940 జులై 1న తెరిచారు, అంటే నాలుగు నెలలు. "ఎందుకు కూలింది?" అని ఆప్షన్లు ఇవ్వకండి. చాలా పాఠ్యపుస్తకాల్లో అనునాదం అని ఉంటుంది, ఇంజినీర్లు మాత్రం గాలి వల్ల తనంతట తాను పెరుగుతూ పోయే కంపనమని వేరుచేసి చెప్తారు. పుస్తకం చదివినవాళ్లకూ ఇంజినీర్లకూ మీ మధ్యవర్తిత్వంలో తగువు అవుతుంది.

ఐదోది కష్టం: "ఈ రోజు పుట్టినరోజు జరుపుకున్న ఇద్దరు మహిళా శాస్త్రవేత్తల పేర్లతో మూలకాలున్నాయి. ఒకరు క్యూరీ (మూలకం 96). రెండోవారు?" లీజ్ మైట్నర్, మూలకం 109. ఇక్కడ "పుట్టిన" అనకుండా "జరుపుకున్న" అన్నది ఊరికే కాదు. వియన్నా రిజిస్టరులో ఆవిడ పుట్టింది 1878 నవంబర్ 17 అని ఉంది, ఆవిడ వాడింది 7.

ఒక తేలిక, మూడు మధ్యస్థం, ఒకటి కష్టం అన్న ఈ పాళ్లు రోజువారీ క్విజ్‌కు సరిపోతాయి. ఐదుకు ఐదూ కష్టమైతే వారంలో జనం జారుకుంటారు. సరైన జవాబు ఏ స్థానంలో ఉండాలో మీరు నిర్ణయించకండి, పాచికో కంప్యూటరో వేయాలి. మనిషి చేత్తో పెడితే రెండు, మూడు స్థానాల్లోకే పోతుంది, ఆడేవాళ్లు త్వరగానే కనిపెడతారు. నాలుగు ఆప్షన్లున్నప్పుడు గుడ్డిగా కొట్టినా ఐదింటికి సగటున 1.25 మార్కులు వస్తాయి. ఐదూ గుడ్డిగా సరిపోయే అవకాశం 1024కి ఒకటి. ఎవరికైనా రోజూ ఐదుకు ఐదు వస్తుంటే అది అదృష్టం కాదు, వెతుక్కుంటున్నారని. బహుమతులు లేనంతవరకు దాన్ని పట్టించుకోనక్కరలేదు.

సరైన ఆప్షన్ మిగతావాటికంటే పొడుగ్గా ఉండటం కూడా జవాబు చెప్పేయడమే. జాగ్రత్తగా రాసేవాళ్లే ఈ తప్పు ఎక్కువ చేస్తారు, నిజమైన జవాబుకు షరతులన్నీ తగిలిస్తారు కాబట్టి.

"మొదటి", "ఏకైక" అన్న మాటలు రాసేముందు ఆగండి. "రెండు నోబెల్‌లు పొందిన ఏకైక వ్యక్తి క్యూరీ" అన్నది తప్పు. పాలింగ్, బార్డీన్, శాంగర్, షార్ప్‌లెస్ ఉన్నారు. "రెండు వేర్వేరు విజ్ఞాన శాస్త్రాల్లో" అంటేనే ఆవిడ ఒక్కరే (1903 భౌతికం, 1911 రసాయనం). పాలింగ్‌ది రసాయనం, శాంతి. "మొదట ఎగిరినది రైట్ సోదరులు" కూడా తప్పే, 1783లోనే బెలూన్‌లో మనుషులు ఎగిరారు. ఇంజిను ఉండి, గాలికంటే బరువైన, అదుపులో ఉన్న విమానం అని రాయాల్సిందే.

ఇప్పుడు "మళ్లీ సరిచూడాల్సిన ఏడాది" కాలమ్ సంగతి. ప్రశ్నలు పాచిపోతాయి. "భౌతిక శాస్త్ర నోబెల్ పొందిన మహిళలు ఎందరు?" అన్నదానికి 2017 నవంబర్‌లో జవాబు ఇద్దరు. 2018, 2020, 2023ల్లో ఒక్కొక్కరు చేరి ఐదుగురయ్యారు. "ఇప్పటివరకు", "అత్యధిక", "ప్రస్తుత" అన్న మాటలున్న ప్రతి ప్రశ్నకూ ఈ కాలమ్ నింపండి, లేదా "2017 నాటికి" అని ప్రశ్నలోనే కట్టేయండి. "90 ఏళ్ల కిందట" అనకుండా సంవత్సరం వేయండి. బతికున్నవాళ్ల పుట్టినరోజు ప్రశ్నలను మాత్రం పెట్టే రోజు పొద్దున మరోసారి చూడాలి. కన్నుమూసిన మనిషికి "ఇవాళ పుట్టినరోజు జరుపుకుంటున్న" అని రాయడం కంటే ఇబ్బందికరమైన తప్పు ఈ పనిలో లేదు.

మృతుల సంఖ్య అడగొద్దు. అంకెలు వివాదాస్పదం, ఆపైన అది ఆటగా అడిగే విషయం కాదు. దొరికే జాబితాల్లో యుద్ధాలు, రాజులు, హత్యలు ఎక్కువ కాబట్టి రోజుకు వాటి మీద ఒకటికి మించి రాకుండా చూసుకోండి.

ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేయించేటట్టయితే తెలుగుకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. "టాల్‌స్టాయ్" అన్న మాటలో ల్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరం ఉంటుంది. ఆడేవాళ్లు అది లేకుండా "టాల్స్టాయ్" అని కొడితే కంప్యూటర్ తప్పంటుంది. పోల్చేముందు రెండువైపులా ఆ అక్షరాన్ని, ఖాళీలను, చుక్కలను తీసేయండి. తోల్‌స్తోయ్, టాల్‌స్టాయి లాంటి రూపాలను, ఇంగ్లిష్ లిపిలో కొట్టేవాళ్ల రూపాలను కూడా ఒప్పుకునే జాబితాలో ముందే చేర్చుకోండి. మొదటి వారం తప్పుగా వచ్చిన జవాబులన్నీ కూర్చుని చదివితే ఆ జాబితా దానంతటదే తయారవుతుంది.

ప్రశ్న ఏ దేశ సమయం ప్రకారం మారుతుందో ఒకటి ఖాయం చేయండి, జవాబు మర్నాటి ప్రశ్నలతోపాటు ఇవ్వండి. వివరణ 40 నుంచి 60 మాటలు చాలు.

ఎంత చేసినా తప్పు వస్తుంది. జవాబు రెండు రకాలుగా సమర్థించుకోదగినదైతే ఇద్దరికీ మార్కు ఇవ్వండి. విషయమే తప్పైతే ప్రశ్నను రద్దు చేసి ఏది తప్పో రాయండి. ఆ తర్వాత షీట్‌లో దిద్దండి. పోస్టు దిద్ది షీట్ మర్చిపోతే వచ్చే ఏడాది అదే రోజు అదే తప్పు మళ్లీ వస్తుంది.

ఫిబ్రవరి 29 వరుసను ఖాళీగా వదలకండి, ఆ రోజు పుట్టినవాళ్లను 28కి జరపకండి. మొరార్జీ దేశాయ్ 1896లో ఆ రోజున పుట్టారు. "ఆయన పుట్టాక మొదటి ఫిబ్రవరి 29 ఏ ఏడాది వచ్చింది?" అంటే 1900 అని చెప్పేవాళ్లే ఎక్కువ. వందతో భాగించబడి నాలుగు వందలతో భాగించబడని ఏడాది లీపు కాదు కాబట్టి జవాబు 1904. సంవత్సరం అడగాల్సిన ప్రశ్న అరుదుగా దొరుకుతుంది, ఇది వాటిలో ఒకటి. ఆ వరుసతో మళ్లీ అవసరం పడేది 2028లోనే, దాన్ని అన్నిటికంటే చివర నింపుకోవచ్చు.